పండుటాకుల పెరడు

కాయ పండినట్లే ఆకు కూడా పండుతుందని తెలుగు భాష ఏనాడో గుర్తించింది. పచ్చదనం వీడి, పసుపు వన్నె తిరిగి, రాలడానికి సిద్ధమైన ఆకు ‘పండుటాకు’. వయసు మళ్ళిన పెద్దలను కూడా ఆ మాటతోనే పోలుస్తాం. అయితే మనం చూసే పండుటాకు చాలావరకు ఏకాకి. పచ్చని కొమ్మలో ఒకటో రెండో కనిపిస్తాయి. అవి రాలేలోగా పక్కన కొత్త చిగుళ్ళు తొడుగుతాయి. ఒక చెట్టు ఆకులన్నీ, ఒక కొండమీది చెట్లన్నీ కొద్ది వారాల వ్యవధిలో పండి పసుపు, నారింజ, ఎరుపు, ఊదా వన్నెలతో నిండిపోయే దృశ్యం సమశీతోష్ణ మండలపు సొత్తు. జపాన్ పర్వతసానువులు, కాశ్మీరులోని చినార్ తోటలు, అమెరికా ఈశాన్య రాష్ట్రాల అడవులు ఆ దృశ్యానికి పేరుపొందాయి. అడవికి దక్కిన ఆ వైభవంలో ఒక పాలు తమ ఇంటి పెరటిలోకి తెచ్చుకోవాలని ఆశించే గృహస్థులు ఆ దేశాలలో కోకొల్లలు. ఆ ఆశ నెరవేరడానికి ఏ చెట్టును, ఏ పొదను ఎలా ఎంచుకోవాలో తెలిపేదే ఈ వ్యాసం.

ముందుగా ఆ ఋతువును తెలుగులో ఏమని పిలవాలన్న చిక్కు ఒకటి ఉంది. నెలల లెక్క ప్రకారం అది మన శరదృతువు. ఆశ్వయుజ, కార్తిక మాసాలు. కాని శరత్తు అనగానే మనకు తేటపడిన నీరు, పండువెన్నెల, ఏటి ఒడ్డున తెల్లగా పూచిన రెల్లు గుర్తుకు వస్తాయేగాని రాలే ఆకులు గుర్తుకు రావు. మన ఆకురాలు కాలం శిశిరం. అది మాఘ ఫాల్గుణాలలో వస్తుంది. అప్పటికి అక్కడి చెట్లు మంచులో మోడులై నిలిచి ఉంటాయి. కాలాలు వేరైనా కారణం దాదాపు ఒకటే. ఆకుల ద్వారా చెట్టు నిరంతరం నీటిని కోల్పోతుంది. మన నేలలో వేసవి ముందు నీరు తరిగిపోతుంది. అక్కడ చలికాలంలో నేలలోని నీరు గడ్డకట్టి వేళ్ళకు అందకుండా పోతుంది. రాబడి తగ్గిన కుటుంబం ఖర్చు తగ్గించుకున్నట్లు, రెండు చోట్లా చెట్టు ఆకులను వదులుకుంటుంది.

2022 అక్టోబరులో దీపావళికి నేను అమెరికాలోని న్యూజెర్సీ రాష్ట్రంలో స్థిరపడిన మా చెల్లెలి ఇంట ఉన్నాను. వారి వీధి అంతా అప్పటికే రంగులు తిరిగింది. కాని మా చెల్లెలు మాత్రం వంటగది కిటికీ దగ్గర దిగులుగా నిలబడి ఉంది. ముందు సంవత్సరం వసంతంలో వారు ఒక నర్సరీ నుంచి ‘రెడ్ మేపుల్’ మొక్కను తెచ్చి, కిటికీలోంచి కనిపించేలా నాటుకున్నారు. ఎదురింటి చెట్టులా అదీ కుంకుమ వర్ణం దాల్చుతుందని ఎదురుచూశారు. తీరా చూస్తే అది నిమ్మపండులా పసుపు వన్నె తిరిగింది. “చీటీ మీద ఎరుపని రాసి ఉంది గదా అన్నయ్యా, మనల్ని మోసం చేశారు” అంది.

మోసమేమీ లేదు. ఆ చెట్టు పేరులోని ఎరుపు శరత్తు ఆకులకు మాత్రమే సంబంధించింది కాదు. వసంతారంభంలో ఆకులు రాకముందే పూచే దాని చిన్న పూలు, లేత కొమ్మలు, ఆకు తొడిమలు ఎర్రగా ఉంటాయి. విత్తనం నుంచి మొలిచిన మొక్క శరత్తులో పసుపుగా మారవచ్చు, నారింజగా మారవచ్చు, ఎర్రగానూ మారవచ్చు. టెంక నాటితే బంగినపల్లి రాదని, అంటు మొక్క తేవాలని మన రైతుకు తెలుసు. మేపుల్ విషయంలోనూ అదే నియమం. ‘అక్టోబర్ గ్లోరీ’, ‘రెడ్ సన్‌సెట్’ వంటి పేరున్న రకాలు ఎర్రని ఆకుల కోసమే ఎంపిక చేసి, అంట్లు కట్టి పెంచినవి. పేరులేని మొక్కనే కొనదలచినవారు వసంతంలో కాక, అక్టోబరులో ఆకులు పండి ఉన్నప్పుడు నర్సరీకి వెళ్ళి, కంటితో చూసి తెచ్చుకోవాలి. ఇంత చిన్న మెలకువ తెలియక పదేళ్ళ నిరీక్షణను పణంగా పెట్టేవారు ఎందరో ఉన్నారు.

ఆకు రంగు మారడంలోని రహస్యం తెలిస్తే ఈ ఎంపిక ఇంకా సులువవుతుంది. ఆకుకు పచ్చదనం ఇచ్చేది పత్రహరితం. కిరణజన్య సంయోగక్రియకు అదే ఆధారం. అది ఎండలో నిరంతరం విచ్ఛిన్నమవుతూ ఉంటుంది, చెట్టు నిరంతరం దాన్ని తిరిగి తయారుచేస్తూ ఉంటుంది. పగటి పొద్దు తగ్గి చలి మొదలుకాగానే చెట్టు ఆ తయారీని ఆపివేస్తుంది. ఆకులోని నత్రజని, భాస్వరం వంటి విలువైన పోషకాలను కొమ్మలలోకి, వేళ్ళలోకి వెనక్కు తీసుకుంటుంది. తొడిమ మొదట బెరడువంటి ఒక పొర ఏర్పడి రాకపోకలు క్రమంగా మూసుకుపోతాయి. పచ్చదనం తొలగిపోగానే అంతవరకు దాని చాటున ఉన్న కెరోటినాయిడ్లు బయటపడతాయి. పసుపు, నారింజ రంగులు వాటివే. అంటే పసుపు వన్నె వేసవి అంతా ఆకులోనే ఉంది. మన కంటికి కనబడలేదంతే.

ఎరుపు కథ వేరు. అది చాలా చెట్లలో శరత్తులోనే కొత్తగా తయారవుతుంది. ఆకులో మిగిలిపోయిన చక్కెరల నుంచి, ఎండ సాయంతో, ఆంథోసయనిన్లు అనే వర్ణకాలు పుడతాయి. నేరేడు పండుకు ఆ నలుపు కలిసిన ఊదా రంగునిచ్చేది, మామిడి లేజిగురుకు రాగి వన్నె అద్దేది కూడా ఈ వర్ణకాలే. మరి నాలుగు రోజులలో రాలిపోయే ఆకు కోసం చెట్టు ఇంత శ్రమ ఎందుకు పడుతుంది? పోషకాలను వెనక్కు తీసుకునే ఆ కొద్ది రోజులూ బలహీనపడిన ఆకును తీవ్రమైన వెలుగు నుంచి కాపాడటానికే అని కొందరు శాస్త్రజ్ఞులు చెబుతారు. పురుగులను దూరంగా ఉంచడానికి అని మరికొందరు అంటారు. ఆ చర్చ ఇంకా తెగలేదు. పెరటి యజమానికి పనికివచ్చే అంశం మాత్రం తేలిపోయింది. పగలు మంచి ఎండ, రాత్రి మంచు గడ్డకట్టనంతటి చలి ఉన్న సంవత్సరంలో ఎరుపు గాఢంగా వస్తుంది. రాత్రులు వెచ్చగా ఉంటే ఆకులోని చక్కెర శ్వాసక్రియలో ఖర్చైపోతుంది. మబ్బు రోజులలో అది తయారే కాదు. కనుక ఎర్రని పొదను గోడ నీడలో నాటినవారు దాన్ని నిందించకూడదు. ఎండలో కుంకుమగా మారే పొదే నీడలో వెలిసిన గులాబీ రంగుకు పరిమితమవుతుంది.

మరి ఏ చెట్టు? ఈ ప్రశ్నకు చాలామంది నర్సరీలో రంగు చూసి సమాధానం వెదుకుతారు. నా దృష్టిలో రంగు చివరి ప్రశ్న కావాలి. మొదటిది చలి. అమెరికా వ్యవసాయ శాఖ దేశాన్ని శీతకాలపు కనిష్ఠ ఉష్ణోగ్రతల సగటును బట్టి 13 మండలాలుగా విభజించి పటం తయారుచేసింది. 2012 తరువాత దాన్ని మళ్ళీ 2023లో సవరించింది. న్యూజెర్సీలో చాలా భాగం 6, 7 మండలాలలో ఉంది. ఆరవ మండలంలో చలి సుమారు సున్నాకు దిగువన 23 డిగ్రీల సెల్సియస్ వరకు పోవచ్చు. మొక్క చీటీ మీద రాసి ఉండే మండలాల సంఖ్యను చూడకుండా కొనడం అవివేకం. రెండవది నేల. వాన నీరు నిలిచే పల్లంలో రెడ్ మేపుల్, టూపెలో హాయిగా బతుకుతాయి. అడవిలో రాజసం ఒలికించే షుగర్ మేపుల్‌కు ఆ తడి గిట్టదు. కారు చక్రాల కింద గట్టిపడిన మట్టి గాని, మంచు కరగడానికి రోడ్లపై చల్లే ఉప్పు గాని దానికి సరిపడవు. అయినా దాన్ని వీధి పక్కనే నాటి, ఆకుల అంచులు మాడిపోతున్నాయని వాపోయేవారు ఉన్నారు.

మూడవ ప్రశ్న చోటు. ఇక్కడే పెద్ద పొరపాట్లు జరుగుతాయి. కుండీలో నడుము ఎత్తున ఉన్న షుగర్ మేపుల్ పెరిగి పెద్దదైతే 60 నుంచి 75 అడుగుల ఎత్తు, 40 అడుగులకు మించిన విస్తారం పొందుతుంది. విద్యుత్తు తీగల కింద నాటితే ఆ శాఖ వారు దాని తల నరికి వికృతం చేయక తప్పదు. రెడ్ మేపుల్ వేళ్ళు నేల పైపైనే పాకి కాలిబాట పలకలను ఎత్తివేస్తాయి. కాశ్మీరు చినార్ విషయం చెప్పనే అక్కరలేదు. దాని నీడలో ఒక ఇల్లే ఇమిడిపోతుంది. చిన్న పెరటికి తగినది జపనీస్ మేపుల్. ఇరవై అడుగుల అటూ ఇటూ పెరుగుతుంది. మిట్టమధ్యాహ్నపు ఎండ నుంచి కాస్త చాటు కోరుతుంది. దీనిలో వందల రకాలున్నాయి. ‘బ్లడ్‌గుడ్’ రకం వేసవిలోనూ ముదురు ఎరుపుగా ఉంటుంది. ‘ఒసకజుకి’ మాత్రం వేసవి అంతా పచ్చగా ఉండి శరత్తులో ఒక్కసారి రగులుకుంటుంది. ఏడాది పొడవునా ఎర్రగా ఉండే చెట్టుకు శరత్తు వచ్చినా రాకున్నా ఒకటే గదా! నేనైతే ఒసకజుకినే కోరుకుంటాను.

పసుపులో సాటిలేనిది గింకో. దాని ఆకు చిన్న విసనకర్రలా ఉంటుంది. 1945లో హిరోషిమాపై అణుబాంబు పడిన చోటుకు దగ్గరలో ఉన్న కొన్ని గింకో చెట్లు సైతం మళ్ళీ చిగిర్చాయి. అంతటి మొండి ప్రాణి అది. గట్టి చలి రాత్రి ఒకటి గడిస్తే చాలు, మరునాటి ఉదయానికి ఆకులన్నీ ఒక్కుమ్మడిగా రాలి నేలపై బంగారు చాప పరచినట్లుంటుంది. అయితే ఆడ చెట్టు గింజల పైకండ ముక్కిపోయిన వెన్నలా దుర్గంధం వేస్తుంది. అందుచేత మగ చెట్టు నుంచి కట్టిన అంటునే కొనాలి.

ఇంతవరకు చెప్పిన పొరపాట్లు ఒక ఇంటి నష్టంతో పోతాయి. ఊరికీ అడవికీ చేటు తెచ్చే పొరపాటు ఇంకొకటి ఉంది. గుర్రపుడెక్క కథ మనకు తెలుసు. దక్షిణ అమెరికా నదులలో పుట్టిన ఆ మొక్క ఊదా పూల అందం వల్లనే దేశదేశాల కొలనులకు చేరింది. పందొమ్మిదవ శతాబ్ది చివర మన దేశానికీ వచ్చింది. ఈనాడు మన కాలువలలో, చెరువులలో నీరు కనబడకుండా కమ్ముకుంటున్నది అదే. అమెరికాలో శరత్తు రంగుల మోజు అలాంటి ఉపద్రవాన్నే తెచ్చిపెట్టింది. ‘బర్నింగ్ బుష్’ అంటే మండే పొద. పేరుకు తగినట్లే దాని ఆకులు నిప్పులా ఎర్రబారుతాయి. ఈశాన్య ఆసియాకు చెందిన ఆ పొద 1860 ప్రాంతంలో అమెరికా తోటలలో ప్రవేశించింది. దాని ఎర్రని గింజలను పక్షులు తిని అడవులలో రెట్టలు వేస్తాయి. అక్కడ అది దట్టంగా అల్లుకుని స్థానిక మొక్కలకు వెలుగు అందకుండా చేస్తుంది. మసాచుసెట్స్, న్యూ హాంప్‌షైర్ రాష్ట్రాలు దాని అమ్మకాన్ని నిషేధించాయి.

‘బ్రాడ్‌ఫర్డ్ పేర్’ ఉదంతం ఇంకా విచిత్రం. చైనా నుంచి తెచ్చిన ఒక అడవి బేరి జాతి నుంచి అమెరికా వ్యవసాయ శాఖ శాస్త్రజ్ఞులే దాన్ని ఎంపిక చేసి 1963లో ప్రజలకు అందించారు. వసంతంలో తెల్లని పూలు, శరత్తు చివర ఊదా కలిసిన ఎరుపు. నగరాల వీధులన్నీ దానితో నిండిపోయాయి. తనంతట తాను కాయదు కనుక వ్యాపించదని భరోసా పడ్డారు. తరువాత అదే జాతిలోని ఇతర రకాలు పక్కపక్కన నాటేసరికి పరాగసంపర్కం జరిగి కాయలు కాశాయి. పక్షులు వాటిని పొలాల వెంట విత్తాయి. ముళ్ళతో నిండిన మొక్కలు మొలిచాయి. పైగా దాని కొమ్మలన్నీ ఒకే చోట నుంచి నిటారుగా చీలడం వల్ల పదిహేను ఇరవై ఏళ్ళకు గాలివానలో చెట్టు నిలువునా చీలిపోతుంది. ఒహాయో రాష్ట్రం 2023లో, పెన్సిల్వేనియా, దక్షిణ కరోలినా రాష్ట్రాలు 2024లో దాని అమ్మకాన్ని నిషేధించాయి.

ఎరుపు కోసం అడవిని బలిపెట్టవలసిన అవసరం లేదు. ఆ నేలలోనే పుట్టిన పొదలు ఎన్నో అందుకు సరిపోతాయి. ‘వర్జీనియా స్వీట్‌స్పైర్’ తడి నేలలో కూడా పెరిగి, జూన్ నెల ప్రాంతంలో తెల్లని పూలగుత్తులు వేలాడదీసి, శరత్తులో మానెపు రంగుకు తిరుగుతుంది. ‘ఫొథర్‌గిల్లా’ ఒకే కొమ్మ మీద పసుపు, నారింజ, ఎరుపు మూడూ చూపిస్తుంది. అన్నిటికంటె నాకు నచ్చినది బ్లూబెరీ. వసంతంలో చిన్న గంటల్లాంటి పూలు, వేసవిలో పండ్లు, శరత్తులో నిప్పు రంగు ఆకులు, మంచు కాలంలో ఎర్రని కొమ్మలు. న్యూజెర్సీకి అది అధికారిక ఫలం కూడా. ఆ రాష్ట్రంలోని వైట్స్‌బాగ్‌లో ఎలిజబెత్ వైట్ అనే రైతు మహిళ, ఫ్రెడరిక్ కోవిల్ అనే వృక్షశాస్త్రజ్ఞుడు కలిసి అడవి పొదలను సాగుకు తెచ్చి, 1916లో మొదటి పంటను మార్కెట్టుకు పంపారు. అంతకు ముందు దాన్ని తోటలో పెంచబోయినవారు విఫలమవుతూ వచ్చారు. దానికి ఆమ్ల గుణం గల నేల తప్పనిసరి అని కోవిల్ కనుగొన్నాడు. పీహెచ్ విలువ 4.5 నుంచి 5.5 మధ్య ఉండాలి. సున్నపు గోడ పక్కన నాటిన బ్లూబెరీ పండ్లూ ఇవ్వదు, రంగూ ఇవ్వదు. వేసవిలోనే ఆకులు పాలిపోయి కృశిస్తుంది.

నాటే పద్ధతిలో చెప్పవలసినవి కొన్నే. అమెరికాలో గొయ్యి తవ్వేముందు 811 నంబరుకు ఫోను చేస్తే నేలలోని గ్యాసు గొట్టాలను, విద్యుత్తు తీగలను సిబ్బంది వచ్చి గుర్తు పెట్టి పోతారు. గొయ్యి వెడల్పుగా ఉండాలి కాని, వేళ్ళ ముద్ద ఎత్తును మించి లోతు ఉండకూడదు. కాండం వేరుగా మారే ఉబ్బు నేలపైకి కనిపించాలి. మేపుల్‌ను శరత్తులోనూ నాటవచ్చు. నేల గడ్డకట్టేలోగా వేళ్ళు సాగుతాయి. లోతైన తల్లివేరు గల టూపెలోకు వసంతమే మేలు. ఎరువు అతిగా వేసిన చెట్టు పచ్చదనాన్ని విడవక రంగును ఆలస్యం చేస్తుంది. ఇక జింకలు! న్యూజెర్సీ పల్లెలలోనే కాదు, ఇళ్ళ మధ్యకూ వచ్చి మగజింకలు శరత్తులో లేత కాండాలకు కొమ్ములు రాస్తాయి. చుట్టూ తీగల వల కట్టకపోతే ఒక్క రాత్రిలో బెరడంతా ఊడిపోతుంది.

ఒకే చెట్టును నమ్ముకుంటే వేడుక పది రోజులలో ముగుస్తుంది. టూపెలో, డాగ్‌వుడ్ సెప్టెంబరు చివరిలోనే మొదలుపెడతాయి. మేపుల్‌లు అక్టోబరులో అందుకుంటాయి. ఓక్‌లు, జపనీస్ మేపుల్‌లు నవంబరు వరకు లాక్కొస్తాయి. వెనుక పైన్ వంటి నిత్యహరిత వృక్షం ఒకటి ఉంటే ముందున్న ఎరుపు రెట్టింపుగా కనిపిస్తుంది.

మా చెల్లెలు పసుపు మేపుల్‌ను పెకలించివేద్దామని పట్టుబట్టింది. మా బావగారు ఒప్పుకోలేదు. ఆరోగ్యంగా పెరుగుతున్న చెట్టును రంగు నచ్చలేదని నరకడం ఆయనకు మనస్కరించలేదు. చివరికి ఆ చెట్టును అలాగే ఉంచి, మరుసటి వసంతంలో కిటికీకి దగ్గరగా ఒక ఒసకజుకిని, కంచె వెంట మూడు బ్లూబెరీ పొదలను నాటారు. ఆ కంచె దగ్గర అంతకు ముందు ఇంటివారు వేసిన మండే పొదలు రెండు ఉండేవి. వాటిని వేళ్ళతో సహా తీసివేయడానికి రెండు ఆదివారాలు పట్టిందట.

మన పెరటి మాట ఏమిటని ఎవరైనా అడగవచ్చు. మేపుల్ మన ఎండలకు తట్టుకోదు. తట్టుకున్నా ఆ చలి రాత్రులు లేనిదే రంగు తిరగదు. కాని మనకు బాదం చెట్టు ఉంది. అంతస్తులుగా చాచిన కొమ్మలలో దాని వెడల్పాటి ఆకులు రాలేముందు నిప్పు రంగుకు మారుతాయి. ఊడ్చే ఓపిక, విశాలమైన ఆవరణ ఉన్నవారికే అది తగును. శిశిరం చివర ఆకులన్నీ విడిచి పూలతో ఎర్రబడే మోదుగ, శరత్తులో బంగారం పూచే తంగేడు పొద మన నేలకు అలవాటైన రంగులు. కాకినాడలో మా ఇంటి వెనుక బాదం చెట్టు ఒకటి ఉంది. 2024 అక్టోబరులో మా మేనకోడలు తమ పెరటి ఫొటో పంపింది. ముందు ఎర్రని బ్లూబెరీ పొదలు, వెనుక నిలువెత్తు పసుపు మేపుల్. రెండూ ఒకదానికొకటి అమరినట్లున్నాయి. “మావయ్యా, మీ బాదం ఎప్పుడు ఎర్రబడుతుంది?” అని కింద రాసింది. ఫిబ్రవరి దాకా ఆగమని జవాబిచ్చాను.